రీడింగ్ 0 చూపిస్తోంది, అయినా గ్యాస్ మీటరు అలారం ఆగడం లేదు. ఎందుకు?

ఆకివీడు ఫిట్టర్:
అన్నలందరికీ నమస్కారం అండి. భీమవరం పక్కన ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తున్నాను. మొన్న మురుగునీటి ట్యాంకులో వాల్వు పట్టేస్తే విప్పడానికి దిగాను. అడుగున బురద కదలగానే నాలుగు గ్యాసుల మీటరు (ఆక్సిజన్, మండే గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్, హెచ్‌టూఎస్ చూపేది) మోగడం మొదలైంది. హెచ్‌టూఎస్, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు, 40 పీపీఎం (గాలిలో పది లక్షల్లో 40 వంతులు) దగ్గర ఆడుతోంది. రెండు బోల్టులే మిగిలాయి కదా అని ఏడు నిమిషాలు ఉండి పైకొచ్చాను. బయట రీడింగ్ 0, కానీ మోత ఆగలేదు. తెర మీద స్టెల్ అని పడింది. ఆరు నిమిషాలు చూసి సూపర్‌వైజర్ గారు మీటరు చెడింది, ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నారు. ఆగిపోయింది. మళ్లీ దిగి నాలుగు నిమిషాల్లో పని ముగించాను. ఆ రాత్రంతా కళ్ల మంట, తలనొప్పి.

మీటరు నిజంగా చెడిందా అండి? ఇంకోటి, పొద్దున ఏసీ గదిలో ఆన్ చేస్తే ఆక్సిజన్ 20.9, బయటికి తెస్తే 20.3 అంటోంది. అది కూడా పాడేనా? సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది, సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చా?

అమలాపురం టు గల్ఫ్:
తమ్ముడూ, 40 చూపిస్తుంటే ఏడు నిమిషాలు లోపలే ఎలా ఉన్నావు? 10కి మొదటి అలారం, 15కి రెండోది. రెండూ దాటేశాయి. నేను 11 ఏళ్లు గల్ఫ్‌లో గ్యాసు ప్లాంట్లలో సేఫ్టీ చూశాను. అక్కడ మొదటి బీప్‌కే పనిముట్లు అక్కడే వదిలేసి బయటికి రావాలి. గాలి సిలిండరు లేకుండా ఆ ట్యాంకులోకి నిన్ను దింపినవాళ్లని ముందు అడగాలి.

మీటరు చెడలేదు. స్టెల్ అంటే ఇప్పుడున్న గ్యాసు కాదు, గడిచిన 15 నిమిషాల్లో నువ్వు పీల్చినదాని సగటు. నువ్వు బయటికొచ్చినా ఆ 15 నిమిషాలు వెంటనే చెరిగిపోవు కదా.

తణుకు కాంట్రాక్టర్:
ప్రతి బీప్‌కీ పని ఆపేస్తే నెలాఖరుకి బిల్లు ఎవరిస్తారండి? ముప్పై మందికి కూలి ఇవ్వాల్సింది నేను. లెక్కలు నాకూ వచ్చు. 40 చొప్పున 7 నిమిషాలంటే ఎనిమిది గంటల సగటు 0.6 కూడా రాదు. 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టంలోనే 10 దాకా ఉండొచ్చని ఉంది. కుర్రాణ్ని ఎందుకు భయపెడతారు? కుళ్లిన గుడ్డు వాసన ముక్కుకి తెలియదా? వాసన ఎక్కువైతే నేనే పైకి రమ్మంటాను.

కాకినాడ ఇన్‌స్ట్రుమెంట్స్:
కాంట్రాక్టరు గారూ, ఆ చట్టంలో ఆ 10 పక్క గడిలోనే 15 అని ఇంకో అంకె ఉంటుంది. అది 15 నిమిషాల పరిమితి. ఎనిమిది గంటల సగటులో ఏడు నిమిషాలు కొట్టుకుపోతాయనే దాన్ని విడిగా పెట్టారు. ఒక అంకె చదివి ఇంకోటి వదిలేస్తే ఎలా? అమెరికాలో ఏసీజీఐహెచ్ అనే, పనిచోట ఆరోగ్యం చూసే నిపుణుల సంస్థ వాళ్లు 2010లోనే ఆ రెండింటినీ 1కి, 5కి దించేశారు.

తమ్ముడి లెక్క నేను చేసి చెబుతాను. 40 చొప్పున 7 నిమిషాలు, దాన్ని 15తో భాగిస్తే 18.7. 15 దాటింది కాబట్టి మోగింది. ముట్టుకోకుండా వదిలేస్తే బయటికొచ్చిన తొమ్మిదిన్నర నిమిషాలకు దానంతటదే ఆగేది. ఆపి ఆన్ చేశారు, చాలా మీటర్లలాగే అది పాతదంతా మర్చిపోయింది. రెండోసారి నాలుగు నిమిషాలు దిగినప్పుడు మీటరు చూసిన సగటు 10.7, అందుకే స్టెల్ మోగలేదు. తమ్ముడి ఊపిరితిత్తులు మర్చిపోలేదుగా. మొదటిసారిదాంట్లో ఇంకా ఆ 15 నిమిషాల లోపలే ఉన్న ఐదు నిమిషాలు కలిపితే అసలు సగటు 24.

తణుకు కాంట్రాక్టర్:
ఏసీ గదిలో కూర్చుని భాగహారాలు చేయడం తేలికేనండి. మీటరు ఆపి ఆన్ చేయడం ప్రతి సైటులోనూ జరిగేదే, నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

అమలాపురం టు గల్ఫ్:
ప్రతి సైటులో జరిగితే ఒప్పయిపోతుందా? ఏం మాటండి అది! ముక్కు సంగతి కూడా చెబుతా వినండి. 1 పీపీఎం కంటే తక్కువున్నా వాసన వస్తుంది, నిజమే. కానీ 100 దగ్గరికి పోయేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే ఉండదు. గ్యాసు పోయిందనుకుంటాడు, అప్పటికి అది ఇంకా పెరిగి ఉంటుంది. మీ ముక్కుని నమ్మి మనిషిని దింపకండి.

కోటిపల్లి రేవు:
మీ ఇద్దరి గొడవ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా బావమరిది పాత నూతిలో మోటారు బాగుచేయడానికి దిగి మళ్లీ పైకి రాలేదు. అక్కడ ఏ వాసనా లేదు. గాలే లేదు. తీయడానికి దిగబోయిన నన్ను మా మామయ్య నడుం పట్టుకుని ఆపాడు, అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. అప్పట్లో ఊళ్లో ఎవరి దగ్గరా మీటరు లేదు. తాడు కట్టి ముందు మీటరుని దింపండి. పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, నీటి దగ్గర ఒకచోట ఆపి, ప్రతి చోటా ఒకటి రెండు నిమిషాలు ఉంచి పైకి లాగి గరిష్ఠ, కనిష్ఠ రీడింగులు చూడండి. ఇంతకంటే ఇంకేమీ రాయలేను.

నరసాపురం ఐసు ఫ్యాక్టరీ:
మా దగ్గర సమస్య దీనికి తలకిందులు. అమ్మోనియా లైనులో గ్లాండు (వాల్వు సీలు) కారుతోంది, కళ్లు తెరవలేకపోతున్నాం, నాలుగు గ్యాసుల మీటరు మాత్రం పచ్చ లైటుతో హాయిగా ఉంది. సేట్ గారు మీటరు మోగట్లేదుగా, పని కానివ్వండి అంటారు. ఎవరిని నమ్మాలండి?

కాకినాడ ఇన్‌స్ట్రుమెంట్స్:
కళ్లనే నమ్మండి, వెంటనే బయటికి రండి. ఆ మీటరులో అమ్మోనియా సెన్సారే ఉండదు. మండే గ్యాసు గడి మోగాలంటే గాలిలో అమ్మోనియా దాదాపు 15,000 పీపీఎం కావాలి. ఆ ఫ్యాక్టరీల చట్టంలో ఎనిమిది గంటలకు 25, పావుగంటకు 35. 300 దగ్గరే ప్రాణాపాయం లెక్క. అమ్మోనియాకి విడిగా సెన్సారున్న మీటరు అడగండి. ఏ మీటరు కొన్నా దాని మీద ఏయే గ్యాసులు రాసి ఉన్నాయో ముందు చదవండి, రాయనిది దానికి కనపడదు.

రాజోలు:
1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలినప్పుడు నాకు పదేళ్లు. 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా వాకిట్లో దీపం అక్కర్లేదు. మా అమ్మ మూటలు కట్టి గుమ్మం దగ్గరే పెట్టేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలినప్పుడు మళ్లీ అదే భయం. కోనసీమలో గ్యాసు అంటే మాకు చదువుకున్న విషయం కాదండి.

ఇప్పుడు మా తమ్ముడు పైపులైను పనికి వెళ్తున్నాడు. మీటరులో ఎల్ఈఎల్ (మండే గ్యాసు గడి) 10 చూపితే గాలిలో 10 శాతం గ్యాసు ఉందంటాడు. నిజమా?

అమలాపురం టు గల్ఫ్:
కాదండి. మీథేన్ గాలిలో 5 శాతం ఉంటే అంటుకుంటుంది. ఆ 5 శాతాన్ని మీటరు 100 అంటుంది. కాబట్టి 10 అంటే గాలిలో అర శాతం. మోగగానే వెనక్కి తిరిగితే ఇంకా దూరం ఉన్నట్టు. 15 శాతం దాటితే అంటుకోదు కానీ అదే అసలు మోసం. గ్యాసు నిండిపోతే వేడిపూసతో పనిచేసే సెన్సారుకి మండించడానికి ఆక్సిజన్ చాలదు, అంకె పైకెక్కి కిందికి జారిపోతుంది. పెరిగి తగ్గిన రీడింగుని చూసి లోపలికి వెళ్లొద్దని మీ తమ్ముడికి చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మీరంతా చేసేవి 12 గంటల షిఫ్టులు. ఆ సగటు పరిమితులు వేసింది 8 గంటలకు. 12 గంటలైతే బ్రీఫ్, స్కాలా అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ప్రకారం సగానికి దించాలి. పని ఎక్కువ, పీల్చింది ఒంట్లోంచి పోవడానికి దొరికే విశ్రాంతి తక్కువ. మా దగ్గర మీటర్లన్నీ అలాగే సెట్ చేయించాను.

తణుకు కాంట్రాక్టర్:
గల్ఫ్ సంగతులు గల్ఫ్‌లో ఉంచండి. ఇక్కడ మీటరు అద్దెకి తెచ్చుకోవడమే గగనం.

రాజోలు:
మనిషిని ఎక్కడినుంచి అద్దెకి తెస్తారండి?

కాకినాడ ఇన్‌స్ట్రుమెంట్స్:
తమ్ముడి ఆక్సిజన్ ప్రశ్న అందరూ వదిలేశారు. ఏసీ గదిలో గాలి పొడి. మన డెల్టాలో బయట చెమట ఆరని ఉక్క, గాలిలో నీటి ఆవిరి కొంత చోటు తీసుకుంటుంది. అక్కడ 20.9కి సెట్ చేసి ఇక్కడికి తెస్తే 20.3 రావడం మామూలే. పనిచేసే చోటికి దగ్గరగా, శుభ్రమైన ఆరుబయట కాసేపు ఉంచి సెట్ చెయ్యి. లారీ పొగ దగ్గర, ట్యాంకు మూత పక్కన మాత్రం వద్దు. చెడు గాలిని మంచి గాలిగా రాసుకుంటుంది.

అదే 20.3 ట్యాంకు లోపల కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆక్సిజన్ 0.6 తగ్గిందంటే దాదాపు 3 శాతం వేరే ఏదో వచ్చి చేరింది, అంటే 30,000 పీపీఎం. 19.5కి అలారం మోగేదాకా ఎదురుచూడకూడదు.

పాలకొల్లు ఆక్వా:
మా మీటరు మండే గ్యాసు సెన్సారు రెండు నెలల్లో చచ్చిపోయింది. తర్వాత తెలిసింది, కుర్రాళ్లు రబ్బరు గొట్టాలకు కొట్టే సిలికాన్ స్ప్రే పక్కనే ఉంచుతున్నారు. తెర మీద మాత్రం 0 బాగానే చూపేది. సెకండ్ హ్యాండ్ అడిగిన తమ్ముడూ, దాని ముందు జన్మలో ఏ స్ప్రే తగిలిందో నీకెవరు చెబుతారు? వద్దు.

ఆకివీడు ఫిట్టర్:
అందరికీ దణ్ణాలండి. ఇవాళ మీటరు వెనక స్టిక్కరు చూశాను. కాలిబ్రేషన్ (రీడింగు సరిచూసి సెట్ చేయడం) గడువు దాటి ఐదు నెలలైంది. బంప్ టెస్ట్ (కొంచెం గ్యాసు పెట్టి మీటరు మోగుతుందో లేదో చూడటం) ఎప్పుడైనా చేశారా అంటే అదేంటి అన్నారు. ఇప్పుడు ఇంకో టెన్షన్ పట్టుకుంది.

కాకినాడ ఇన్‌స్ట్రుమెంట్స్:
సెన్సారు ముసలిదైతే తక్కువ చూపుతుంది. ఆదివారం మీటరు పట్టుకుని కాకినాడ రా తమ్ముడూ. నా దగ్గర హెచ్‌టూఎస్ 25 పీపీఎం సిలిండరు ఉంది, పెట్టి చూద్దాం. అందాకా ఆ ట్యాంకులోకి ఎవరు దిగమన్నా దిగకు.

ఆకివీడు ఫిట్టర్:
వెళ్లొచ్చానండి. 25 సిలిండరుకి నా మీటరు 18 చూపింది. ఆ లెక్కన ఆ రోజు ట్యాంకులో ఉన్నది 40 కాదు, దాదాపు 56.