స్పాట్ సర్వర్ మధ్యలో పోతే చేసిన పనంతా పోయినట్టేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. స్కాన్ చేసిన పాత పుస్తకాల పేజీలు నా దగ్గర గుట్టలుగా ఉన్నాయి. టెస్సరాక్ట్‌తో ఓసీఆర్ చేసి (ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మలోని అక్షరాల్ని గుర్తిస్తుంది) టెక్స్ట్ తీయాలి. తొందరేమీ లేదు, ఈ వారం కాకపోతే వచ్చే వారం. మామూలు సర్వర్లు తీసుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుందని అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో స్పాట్ వైపు, అంటే వాళ్ల దగ్గర ఖాళీగా ఉన్న సర్వర్లని తక్కువకి ఇచ్చే పద్ధతి వైపు చూస్తున్నాను. 90 శాతం దాకా తగ్గింపు అంటున్నారు, కానీ ఎప్పుడైనా వెనక్కి తీసేసుకుంటారట. నా పైథాన్ స్క్రిప్టు ఫోల్డరంతా చదివి, చివర్లో ఒకేసారి ఫైలు రాస్తుంది. రెండు నిమిషాల ముందు నోటీసు ఇస్తారు కదా, ఆ టైములో సేవ్ చేసుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండి. ముందు ఆ రెండు నిమిషాల మీద ఆశ వదిలేయండి. ఆ నోటీసు మీ స్క్రిప్టుకి దానంతటదే చేరదు, మెషీన్ వివరాలు చెప్పే మెటాడేటా సర్వీసుని కొన్ని సెకన్లకోసారి అడుగుతూ ఉండాలి. ఒక్కోసారి నోటీసు అందకముందే మెషీన్ పోవచ్చని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. రేపు గూగుల్‌కో అజూర్‌కో మారితే దొరికేది 30 సెకన్లే.

నేను వీడియో ట్రాన్స్‌కోడింగ్ (ఫార్మాట్ మార్చడం) అంతా స్పాట్ మీదే నడుపుతాను. ఏ పని పెట్టేముందైనా చూసుకునేది ఒక్కటే: కరెంటు పోయినట్టు మెషీన్ ఠక్కున ఆగితే ఎంత పని మళ్లీ చేయాలి? వీడియోని ముక్కలు చేయడానికి నేను నానా తంటాలు పడాలి. మీకా బాధ లేదు, ఏ పేజీకా పేజీ విడి. పేజీ అవగానే దాని టెక్స్టుని ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల స్టోరేజీ) పెట్టేయండి. కొత్త మెషీన్ లేవగానే ముందు అక్కడ చూసి, అయిపోయినవి వదిలేసి మిగతావి అందుకోవాలి. అప్పుడు మెషీన్ పోయినా మీకు పోయేది ఆ క్షణంలో చేతిలో ఉన్న పేజీయే. మెషీన్ డిస్కు మీద మాత్రం ఏదీ దాచుకోవద్దు. మెషీన్‌ని పూర్తిగా తీసేస్తే (టెర్మినేట్) దాని రూట్ డిస్కు కూడా డిఫాల్టుగా డిలీట్ అవుతుంది.

జవాబు 2:
ఆయన చెప్పింది కరెక్టే. నాదొక మాట: ఒకే రకం మెషీన్ పట్టుకుని కూర్చోకండి. ఆటో స్కేలింగ్ గ్రూపులో (కావలసినన్ని మెషీన్లని తనే లేపి ఉంచే ఏర్పాటు) ఐదారు రకాలు ఇచ్చి, అన్ని జోన్లూ (ఒకే ప్రాంతంలోని వేర్వేరు డేటా సెంటర్లు) కలపండి. ఒకచోట ఖాళీ లేకపోతే ఇంకోచోట దొరుకుతుంది. పాత బ్లాగులు చదివి బిడ్డింగ్ (వేలంపాట) లెక్కలు వేసుకోవద్దు, 2017 చివర్లో ఆ పద్ధతి మారిపోయింది. గరిష్ఠ ధర ఇప్పటికీ పెట్టొచ్చుగానీ, తక్కువ పెడితే మెషీన్లు ఇంకా తరచుగా పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. పేజీల జాబితాని ఎస్‌క్యూఎస్ క్యూలో (మెషీన్లకి పనులు పంచిపెట్టే ఏడబ్ల్యూఎస్ సేవ) పెట్టి కొన్ని మెషీన్లు లేపాను. నడుస్తోంది, కానీ మెషీన్లేవీ పోకపోయినా కొన్ని పేజీలు రెండుసార్లు అవుతున్నాయి. ఎందుకంటారు?

జవాబు 1:
విజిబిలిటీ టైమవుట్, అంటే ఒక మెషీన్ తీసుకున్న పేజీ మెసేజ్‌ని క్యూ మిగతావాటికి కనపడకుండా దాచే టైము, మార్చినట్టు లేరు. డిఫాల్టుగా అది 30 సెకన్లు. ఆ లోపు పేజీ పూర్తయి మెసేజ్ డిలీట్ కాకపోతే, చేస్తున్నవాడు చచ్చాడనుకుని క్యూ ఆ పేజీని ఇంకో మెషీన్‌కి ఇచ్చేస్తుంది. మీ అన్నిటికన్నా బరువైన పేజీకి పట్టే టైముకి రెట్టింపు పెట్టండి. అలాగని గంటలు పెట్టకండి, నిజంగా మెషీన్ పోయినప్పుడు ఆ పేజీ అంతసేపూ ఎవరికీ కనపడకుండా ఉండిపోతుంది. మెసేజ్‌ని ఎస్3లో ఫలితం చేరాకే డిలీట్ చేయాలి. ఫైలు పేరు పేజీ నంబరుతోనే ఉంటే అప్పుడప్పుడు రెండుసార్లు జరిగినా నష్టం లేదు, పాతదాని మీదే కొత్తది పడుతుంది.

ఒకే మెషీన్‌లో నాలుగైదు టెస్సరాక్ట్‌లు నడుపుతున్నారేమో, అలాగైతే ఓఎంపీ థ్రెడ్ లిమిట్ (OMP_THREAD_LIMIT, ఒక్కోటి ఎన్ని థ్రెడ్లు, అంటే సమాంతర పనులు, నడపాలో చెప్పే సెట్టింగు) 1 పెట్టి చూడండి. లేకపోతే ఒకదాని థ్రెడ్లతో ఒకటి పోటీపడి అన్నీ నెమ్మదిస్తాయి.

జవాబు 2:
క్యూ ఖాళీ అయ్యాక గ్రూపులో డిజైర్డ్ కెపాసిటీ (ఉండాల్సిన మెషీన్ల సంఖ్య), మినిమమ్ రెండూ సున్నా చేయండి. మెషీన్లని విడిగా ఆపితే లాభం లేదు, వాటి బదులు గ్రూపు కొత్తవి లేపుతూనే ఉంటుంది. పని లేకుండా కూర్చున్నా స్పాట్ మెషీన్‌కి బిల్లు పడుతుంది.