ఇంటి హెచ్‌డీ వీడియోలను కంప్యూటర్ నుంచి టీవీలో చూడడం: మీ అనుభవాలు చెప్పండి

విజయనగరం_కంటోన్మెంట్
అందరికీ నమస్కారం. పాత క్యామ్‌కార్డర్‌తో తీసిన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, మా అమ్మాయి పెళ్లి, ఫోన్లతో తీసిన 4కే ముక్కలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. వాటిని హాల్లోని టీవీలో మా అమ్మగారికి చూపించాలని నా కోరిక. వైఫై ద్వారా పంపితే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పెన్‌డ్రైవ్‌లో పెడితే కొన్ని ఫైళ్లకు శబ్దం రావడం లేదు. వైరు కలిపితే బొమ్మ నాలుగు అంచులూ తెగిపోతున్నాయి. ఈ మూడింటిలో దేనిని నమ్ముకోవాలి? టీవీకి తగిలించే ఆండ్రాయిడ్ పెట్టె కొనడం అవసరమా?

ఆమదాలవలస_గేటు
వైరును మించినది లేదు. హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే బొమ్మను, శబ్దాన్ని కలిపి తీసుకువెళ్తుంది. పాత వీజీఏ తీగలో శబ్దం రాదన్న సంగతి తెలియక నేటికీ చాలామంది టీవీని అనుమానిస్తున్నారు. వైరు పెట్టిన తరువాత కూడా శబ్దం ల్యాప్‌టాప్‌లోంచే వస్తుంటే, విండోస్‌లో కింద కుడివైపున్న స్పీకరు గుర్తును నొక్కి టీవీ పేరును ఎంచుకోవాలి. అంచులు తెగడం టీవీ చేస్తున్న పని. బొమ్మ సెట్టింగుల్లో ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉంటుంది, దానిని ఎంచుకుంటే పూర్తి బొమ్మ కనబడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకు మించి వెళ్లదు, 60 కావాలంటే 2.0 ఉండాలి.

ఉద్దానం_కొబ్బరితోట
మా ఊళ్లో ల్యాప్‌టాప్‌ను టీవీ దాకా మోసుకువెళ్లి వైర్లు తగిలించే ఓపిక ఎవరికీ లేదు, మాకు పెన్‌డ్రైవే దిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన మర్నాడు, నేలకొరిగిన మా కొబ్బరి చెట్లను, జీడితోటను వరుసగా తిరిగి వీడియో తీశాను. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనే లేదు. దుకాణంలో అడిగితే పెన్‌డ్రైవ్ పాడయిందని చెప్పి కొత్తది అంటగట్టారు, అందులోకీ ఎక్కలేదు. అసలు కారణం ఏమిటంటే, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ ఎంత పెద్దదైనా 4 జీబీ దాటిన ఒక్క ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో మార్చుకుంటే సరిపోతుంది. ఈ చిన్న మాట చెప్పడానికి ఆ దుకాణదారుకు నోరు రాలేదన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు.

రాజాం_మిల్లువీధి
ఇంత శ్రమ దేనికి? అన్నింటినీ హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో ఎంపీ4గా మార్చి, అసలు ఫైళ్లను తీసివేయండి. 2013లో వచ్చిన ఈ పద్ధతిలో పాత హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం చోటులోనే అదే నాణ్యత వస్తుంది. నేను మా ఇంటివన్నీ అలాగే మార్చుకొని హాయిగా ఉన్నాను.

పొందూరు_పెళ్లివీడియో
రాజాం వారు ఇచ్చిన సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. నేను క్యాసెట్ల కాలం నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాను. క్యామ్‌కార్డర్ ఇచ్చే ఎంటీఎస్ ఫైళ్లలో చాలావరకు సెకనుకు 50 సగం బొమ్మలు, అంటే ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలుగా ఉంటాయి. మార్చే సాఫ్ట్‌వేర్ వాటిని 25 పూర్తి బొమ్మలుగా కుదించిందంటే కదలికలో సగం శాశ్వతంగా పోతుంది. మా ప్రాంతంలోనే ఒక కుటుంబం తాతగారి షష్టిపూర్తి వీడియోలను ఎవరో చెప్పారని మార్పించుకొని, అసలువి చెరిపించుకొంది. ఇప్పుడు తప్పెటగుళ్ల వాళ్లు గెంతే చోటల్లా దువ్వెన పళ్లలాంటి గీతలే కనిపిస్తున్నాయి. ఆ తాతగారిని మళ్లీ తీయగలమా?

రాజాం_మిల్లువీధి
మీరు గౌరవంగా మాట్లాడితే బాగుంటుంది. హార్డ్‌డిస్కులు ఊరికే రావడం లేదు. ప్రతి శుభకార్యానికీ వందల జీబీలు దాచుకోమని చెప్పడం మీ వృత్తివారికి సులువే, డబ్బు పెట్టేది మేము. గీతలు వచ్చాయంటే మార్చినవారికి పని రాదని అర్థం, పద్ధతిలో దోషం లేదు.

పొందూరు_పెళ్లివీడియో
నా మాట కటువుగా ఉంటే మన్నించండి, విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. హెచ్.265 రాకముందు కొన్న టీవీలు ఆ ఫైళ్లను తెరవనే తెరవవు. టీవీ ఎంటీఎస్‌ను చదవకపోతే చేయవలసినది బొమ్మ మార్పిడి కాదు, బొమ్మను, శబ్దాన్ని మోసే ఫైలు రకం మార్పు. ఒక గోనెలోని ధాన్యాన్ని గింజ రాలకుండా మరో గోనెలో పోసినట్లు, బొమ్మను తాకకుండా ఎంకేవీ అనే మరో రకం ఫైలులోకి ఎక్కించవచ్చు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనిని నిమిషాల్లో చేస్తుంది, నాణ్యతలో వీసమెత్తు తగ్గదు. శబ్దం రాని ఫైళ్ల విషయంలో, ఆ టీవీకి తెలిసిన పద్ధతిలోకి శబ్దాన్ని ఒక్కదాన్నే మార్చి, బొమ్మను ఉన్నదున్నట్లు కాపీ చేయాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అది సాధ్యం.

విజయనగరం_కంటోన్మెంట్
‘స్క్రీన్ ఫిట్’తో అంచులు సరిపోయాయి, ఆమదాలవలస వారికి కృతజ్ఞతలు. ఆండ్రాయిడ్ పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మరో ఇబ్బంది గమనించాను. పూజారిని కూర్చోబెట్టి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిప్పే సిరిమాను కోట వైపు కదులుతున్నప్పుడు దానితో పాటు కెమెరాను తిప్పుతూ తీశాను, అక్కడ బొమ్మ సాఫీగా జరగకుండా చిన్న చిన్న కుదుపులతో వస్తోంది. పైగా సరిగ్గా మూడోసారి కదిలేచోట ఫైలు ముగిసి, రెండో ఫైలులో మిగతాది మొదలవుతోంది.

పొందూరు_పెళ్లివీడియో
మన దేశపు క్యామ్‌కార్డర్ సెకనుకు 50 లెక్కన తీస్తుంది, ల్యాప్‌టాప్ టీవీకి సెకనుకు 60 లెక్కన పంపుతుంది. ఆ తేడాయే కుదుపు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో టీవీ రిఫ్రెష్ రేటును, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కను, 50 హెర్ట్జ్‌కు మార్చి చూడండి. ఫైలు తెగడానికి కారణం పైన ఉద్దానం వారు చెప్పినదే, కెమెరా కార్డు కూడా ఫ్యాట్32 కాబట్టి పెద్ద దృశ్యాన్ని ముక్కలుగా దాస్తుంది. ఎంకేవీటూల్‌నిక్స్‌లో మొదటి ఫైలుకు రెండోదానిని ‘అపెండ్’ చేస్తే ఒకటే అవుతుంది.

ఆమదాలవలస_గేటు
50కి మార్చమని చెప్పడం సగం సలహా. ఆయన ఫోన్ వీడియోలు సెకనుకు 30 ఫ్రేములవి, వాటికి 60 హెర్ట్జే తగినది. 50లో వదిలేస్తే ఈసారి ఫోన్ ముక్కలు కుదుపుతాయి, అప్పుడు మళ్లీ వైరును తప్పుపడతారు.

పొందూరు_పెళ్లివీడియో
వదిలేయమని నేను అనలేదు. క్యామ్‌కార్డర్‌వి చూసేటప్పుడు 50, ఫోన్‌వి చూసేటప్పుడు 60 పెట్టుకోవాలి. కోడి అనే ఉచిత ప్లేయరులో ఒకసారి అమర్చుకుంటే ఫైలును బట్టి అదే మార్చుకుంటుంది.

బొబ్బిలి_వీణ
వైఫైని అందరూ ఇలా గాలికి వదిలేయడం నాకు బాధగా ఉంది. విజయనగరం వారు చేస్తున్నది తెరను యథాతథంగా టీవీకి పంపడం అయి ఉంటుంది. అందులో ల్యాప్‌టాప్ ప్రతి క్షణం బొమ్మను మళ్లీ కుదించి పంపాలి, అందుకే ఆగుతుంది. ఫైలును ఫైలుగానే అందిస్తే ఆ భారం ఉండదు. ల్యాప్‌టాప్‌లో ఫైళ్లను ఇంటి నెట్‌వర్క్ ద్వారా టీవీకి అందించే జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, రూటరు నుంచి టీవీకి నెట్‌వర్క్ తీగ లాగండి. టీవీల తీగ రంధ్రం సాధారణంగా సెకనుకు 100 మెగాబిట్ల వేగానిది, మీ క్యామ్‌కార్డర్ ఫైళ్లకు 24 చాలు. తీగ లాగే వీలు లేకపోతే 2.4 వదిలి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి, కాకపోతే అది గోడలను అంత బాగా దాటదు. నెట్ కనెక్షన్ పోయినా ఇంటిలోపలి ఈ ఏర్పాటు నడుస్తూనే ఉంటుంది.

నరసన్నపేట_బజారు
మీ అందరి దగ్గరా ఫైళ్లున్నాయి కాబట్టి ఈ వాదన సాగుతోంది. మా ఇంట్లో చిన్న మినీడీవీ క్యాసెట్లున్నాయి, నాన్నగారి గొంతు వాటిలోనే ఉంది. వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే దారి ఎవరైనా చెప్పగలరా?

పొందూరు_పెళ్లివీడియో
నరసన్నపేట వారూ, పనిచేసే మినీడీవీ కెమెరా, ఫైర్‌వైర్ అనే పాత రకం తీగ తగిలించే రంధ్రమున్న కంప్యూటరు కావాలి. ఆ కెమెరాలలో చాలావాటి యూఎస్‌బీ తీగ నుంచి పూర్తి నాణ్యత రాదు, దానిని నమ్మకండి. గంట క్యాసెట్ ఎక్కడానికి గంటా పడుతుంది, దాదాపు 13 జీబీ అవుతుంది. క్యాసెట్లకు తేమ తగిలితే బూజు పడుతుంది కాబట్టి తెల్లటి చుక్కలేమైనా ఉన్నాయేమో ముందు వెలుతురులో చూడండి. ఉంటే కెమెరాలో పెట్టకండి, బూజు టేపును చదివే హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లనూ పాడుచేస్తుంది. నా దగ్గర ఆ కెమెరా, కంప్యూటరు రెండూ ఉన్నాయి. పొందూరు తీసుకువస్తే దగ్గరుండి ఎక్కించి ఇస్తాను, డబ్బు అక్కరలేదు.