గోదావరి లంక అంచున రెల్లు: తీసెయ్యాలా, ఉంచాలా?

లంకగట్టు:
మాది కోనసీమలో, గోదావరి మధ్య దీవిలా ఉన్న ఒక లంక ఊరు. ఏటి వైపున్న రెల్లంతా ఈ వేసవిలో పొక్లెయిన్ పెట్టి తవ్వించి, నీటి అంచు దాకా అరటి వేద్దామని పక్క చేల రైతులు అనుకుంటున్నారు. నా వాటా డబ్బు అడిగారు. ఇవ్వనన్నాను.

వరద తీశాక కొత్తగా మేట వేసిన ఇసుక మీద ముందు మొలిచేది రెల్లే. ఎండాకాలం కాళ్ళు కాలిపోయే ఇసుక అది. సారం ఉండదు, మళ్ళీ వరదొస్తే రోజుల తరబడి మునిగి ఉంటుంది. అలాంటి చోట బతికే మొక్కలు చాలా తక్కువ. రెల్లు దుబ్బు కట్టాక నీటి వడి అక్కడ తగ్గుతుంది, ఒండ్రు దిగుతుంది. ఏటా ఒక పొర చొప్పున పడుతూ ఇసుక దిబ్బ కాస్తా నేలవుతుంది. మనం కంద, అరటి, మిర్చి వేసుకుంటున్న లంక నేలలో చాలా భాగం అలా ఏర్పడిందేనని నా నమ్మకం. దాన్ని తవ్వేస్తే వచ్చే వరదకు ఆ మట్టి ఎవరు ఆపుతారు? లంకల్లో సేద్యం చేసేవాళ్ళు చెప్పండి.

కౌలురైతు:
చెప్తానండి, మీ పక్క చేను కౌలుకు చేసేవాణ్ణే. మీరు అంచు గురించి మాట్లాడుతున్నారు, నేను చేను గురించి మాట్లాడతాను. రెల్లు అంచున ఆగదు. భూమి లోపల దుంపలాంటి వేరుకాడ పాకించుకుంటూ అరటి బోదెల్లోకి వచ్చేస్తుంది. రొటావేటర్ వేస్తే ఇంకా పాడు: కాడ ముక్కలై ప్రతి కణుపూ ఒక మొక్కవుతుంది. కోద్దామంటే ఆకు అంచు రంపంలా ఉంటుంది, కూలీలు చేతులు చూపించి రామంటారు. మార్చిలో తగలబెట్టామనుకోండి, తొలకరికి ముందుకంటే పచ్చగా లేస్తుంది. పైగా దాంట్లో ఎలుకలు, పందులు. కౌలు కట్టేది నేను, పంట పోయేదీ నాదే.

ఇది మన లంకల గొడవే కాదు. బుందేల్‌ఖండ్, మధ్యప్రదేశ్ నల్లరేగడిలో ఇదే గడ్డి, వాళ్ళు కాన్స్ అంటారు, పట్టి రైతులు భూములు వదిలేసుకున్నారు. 1949లో మన దేశం ప్రపంచ బ్యాంకు దగ్గర కోటి డాలర్ల అప్పు తీసుకుంది ఆ గడ్డి భూములు బాగుచెయ్యడానికి కావాల్సిన ట్రాక్టర్ల కోసమే. ఎండల్లో లోతుగా దున్ని వేర్లు ఎండబెడితే తప్ప అది చావలేదు. అంత పని చేయించిన మొక్కని కాపాడమంటే నాలాంటివాడు ఒప్పుకోలేడండి.

బోటనీ మాస్టారు:
కౌలురైతు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అసలు ఆ మొక్క శరీరమే అలా కట్టి ఉంది.

చాలామంది జమ్మునీ రెల్లునీ కలిపేస్తారు కాబట్టి ముందు గుర్తులు చెప్తాను. జమ్ము నిలవ నీటి బురదలో పెరుగుతుంది, దాని కంకి గోధుమరంగు కడ్డీలా ఉంటుంది. రెల్లు ఆకు సన్నం, మధ్యలో తెల్లటి ఈనె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దసరా ముందు పూసిన వెన్ను ఒకటి కోసి, ఒక రెమ్మ అరచేతిలో పెట్టి చూడండి. గింజపూలు జంటలుగా ఉంటాయి: ఒకటి రెమ్మకు అతుక్కుని, ఇంకొకటి చిన్న కాడ మీద. ఒక్కోదాని అడుగున పట్టులాంటి తెల్లటి నూగు, గింజకంటే ఎన్నో రెట్లు పొడవు. మనకు దూరం నుంచి తెల్లగా కనిపించేది ఆ నూగే. పండగానే గాలికి లేచిపోతుంది. గింజ మొలిచే శక్తి ఎక్కువ కాలం నిలవదు, అందుకే వెంటనే తడి ఇసుక దొరకాలి. సరిగ్గా వరద తీసే రోజుల్లో పూయడం దానికి అలా కలిసొస్తుంది. గింజ పని కొత్త దిబ్బ పట్టుకోవడం, వేరుకాడ పని పట్టుకున్నది వదలకపోవడం. నిప్పు పెడితే పోయేది పైనున్న ఆకే, మొగ్గలన్నీ మట్టిలో భద్రంగా ఉంటాయి.

లిన్నేయస్ 1771లో శాకరం స్పాంటేనియం అని పేరు పెట్టిన ఈ మొక్క చెరకుకు స్వయానా దాయాది. మనవాళ్ళు కాకిచెరకు అనడంలో న్యాయం ఉంది. క్రోమోజోములు 40 నుంచి 128 దాకా ఒక్కో చోట ఒక్కో లెక్క, ఒకే జాతిలో ఇంత తేడా అరుదు. 1912లో మొదలైన కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు వెల్లై అనే లావు చెరకును అక్కడి అడవి రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో ఉత్తరాది రైతుల చేతికి వచ్చింది. ఈరోజు పొలాల్లో ఉన్న చెరకు రకాల క్రోమోజోముల్లో దాదాపు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా రెల్లు నుంచి వచ్చినవే. మొండితనం, తెగుళ్ళను తట్టుకోవడం, నరికాక మళ్ళీ పిలకలెయ్యడం, ఇవన్నీ ఆ వాటా. ఒక్కో నది ఒడ్డున ఒక్కో రకం రెల్లు ఉంటుంది. ఎక్కడిదక్కడ తవ్వేస్తే రేపు కొత్త తెగులొచ్చినప్పుడు వెతుక్కోడానికి మిగలదు. నాకు ఇది చిన్న విషయం కాదు.

ఇరిగేషన్ రిటైర్డ్:
లంకగట్టు గారూ, రెల్లు గట్టును ఆపుతుందన్న మాట అన్ని చోట్లా నిజం కాదు. కోత పడే ఒడ్డు దగ్గర నిలబడి చూశారా? నీరు పైనుంచి గీకదు, కింద ఇసుక పొరను తొలిచేస్తుంది. పైన ఎంత వేరు అల్లుకున్నా గడ్డితో సహా పెళ్ళ విరిగి ఏట్లో పడుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71 దాటింది. ఆ స్థాయి వరద ముందు గడ్డి ఎంత? కోతకు రాతి కట్టడం కావాలి. ఇంకో సంగతి, పాయ మధ్యలో రెల్లు దట్టంగా పెరిగితే వరద నీరు సాఫీగా పోదు, అవతలి ఒడ్డు మీదికి తిరుగుతుంది. అవతల కూడా ఊళ్ళున్నాయి.

లంకగట్టు:
సార్, మీ మాటలో విడదీసి చూడాల్సింది ఉంది. ఏటి వంపులో బయటి ఒడ్డు కోతది, లోపలి ఒడ్డు మేటది. కోత వైపు గడ్డితో పని కాదని నేనూ అంటాను. మా చేలు లోపలి వైపు. అక్కడ నీరు నెమ్మదిస్తుంది, మట్టి దిగుతుంది, రెల్లు ఆ మట్టిని పట్టుకుంటుంది. ఉన్న ఒక్క పట్టునూ పొక్లెయిన్‌తో పెకలించి, వేళ్ళు పైపైన ఉండే అరటి వేస్తే, పెద్ద వరద అక్కర్లేదు, మామూలు వరదకే చేను ఇసుకపాలవుతుంది. పాయ మధ్యలో రెల్లు గురించి మీరన్నది వేరే ప్రశ్న, దానికి నేను అడ్డు చెప్పను.

పచ్చిక:
ఎవరూ ఎత్తని కోణం ఒకటి. పనామా కాలువ చుట్టుపక్కల అడవి నరికిన నేలల్లో ఇదే రెల్లు పట్టింది. ఏటా ఎండల్లో అంటుకుంటుంది, చెట్టు మొక్కని లేవనివ్వదు. అమెరికా దీన్ని నిషిద్ధ కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. అక్కడ శత్రువైనది ఇక్కడ మిత్రుడెలా అవుతుంది?

బోటనీ మాస్టారు:
పనామాలో అది వలస మొక్క. ఇక్కడ మన నదులతో పాటే పెరిగింది. బ్రహ్మపుత్ర ఒడ్డున కజిరంగాలో ఖడ్గమృగం మేసేదీ, పాడా అనే చిన్న జింక దాక్కునేదీ ఇలాంటి ఎత్తు గడ్డిలోనే. అక్కడ ఆ గడ్డి మైదానం చెట్లతో మూసుకుపోకుండా ఏటా కావాలనే కాలుస్తారు. అయితే పనామా నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ నాటిన మొక్కల చుట్టూ గడ్డి పదేపదే కొట్టి, కొమ్మలు ఒకదానికొకటి కలిసేదాకా కాపాడితే, ఆ నీడలో రెల్లు పల్చబడింది. ఇది వెలుగు మొక్క, నీడ ఓర్చుకోలేదు. కౌలురైతు గారి సమస్యకు దారి అక్కడే ఉంది: అంచున రెల్లు ఉంచండి, చేనుకూ దానికీ మధ్య కానుగ వరస దగ్గరదగ్గరగా వెయ్యండి. కానుగ ఏటి ఒడ్డు చెట్టే, నీడ చిక్కన.

కౌలురైతు:
కానుగ పెరిగేదాకా నా అరటి ఆగదు కదా మాస్టారూ. అందాకా మధ్యలో కందకం తవ్వి, ఏటా వానలకు ముందు అటు నుంచి దూరిన వేరుకాడలు నరకాలి. ఆ ఖర్చు కౌలుదారు మీద వెయ్యకూడదు, భూమి ఉన్నవాళ్ళు పెట్టుకోవాలి. ఇంకో మాట, మందు కొట్టమని మాత్రం ఎవరూ చెప్పకండి. ఆ నీళ్ళే మా పశువులు తాగేది. అంచున ఎంత వదలాలంటారు? పది అడుగులకైతే నేను ఒప్పుకుంటాను.

లంకగట్టు:
పది చాలదండి. ఒక్క వరదకే ఏటి అంచు అంతకంటే ఎక్కువ జరుగుతుంది. ముప్పై వదలాలని నేను అడుగుతాను. పొక్లెయిన్ కందకం దగ్గరే ఆగేట్టయితే, నా వాటా డబ్బు మొత్తం దానికే ఇస్తాను, కానుగ మొక్కలూ నావే. మీ పక్క చేల వాళ్ళని కూడా పిలుచుకు రండి, అంచు వెంట నడిచి ఎక్కడ మేట పడుతోందో, ఎక్కడ కోస్తోందో చూసి గుర్తులు పాతుకుందాం. కోత పడే ముక్క ఉంటే దానికి రాయి అడుగుతూ అర్జీ పెడదాం. ఇరిగేషన్ సార్, ఆ అర్జీలో ఏం రాయాలో మీరు చెప్పండి.