ఊక బాయిలర్‌కి టర్బైన్ పెట్టనివ్వకుండా అడ్డుపడుతున్నది ఎవరు?

గుణుపూర్_మిల్లు
మాది రాయగడ జిల్లాలో ఉప్పుడు బియ్యం మిల్లు. 4 టన్నుల ఊక బాయిలర్ ఉంది. ఆవిరి 10 కేజీల ప్రెషర్‌లో తయారవుతుంది, నానబెట్టే తొట్లకీ డ్రయ్యర్‌కీ పంపే ముందు వాల్వు పెట్టి 3 కేజీలకి దించేస్తాం. ఆ వాల్వు స్థానంలో చిన్న టర్బైన్ పెడితే కరెంటు ఊరికే వస్తుందని ఒక కంపెనీవాళ్లు చెప్పారు. అప్పట్నుంచీ ఆఫీసుల చుట్టూ తిరగడమే నా పని. గ్రిడ్‌తో కలపాలంటే రిలే ప్యానెల్ (తేడా వస్తే టర్బైన్‌ని గ్రిడ్ నుంచి విడదీసే పెట్టె) పెట్టమంటారు, డ్రాయింగులు వెనక్కి పంపుతారు, నేను తయారుచేసి నేనే వాడుకునే కరెంటుకి డ్యూటీ, అంటే పన్ను, కట్టమంటారు. 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్‌లో కోజనరేషన్‌ని, అంటే ఒకే ఇంధనంతో ఆవిరీ కరెంటూ రెండూ తీయడాన్ని, ప్రోత్సహించాలని రాసుంది కదా, ఏదీ ఆ ప్రోత్సాహం?

బల్లార్షా_మావయ్య
ముందు లెక్క చూడు బాబూ. 10 నుంచి 3కి దిగే 4 టన్నుల ఆవిరితో వచ్చేది 100 కిలోవాట్లకి అటూ ఇటూ, అదీ బాయిలర్ ఫుల్లు లోడులో ఉంటేనే. పైగా నీకు ఆవిరిని ఇంకా వేడిచేసి తడి లేకుండా చేసే సూపర్‌హీటర్ లేదు, తడి ఆవిరిలో నీటిచుక్కలు బ్లేడ్లని తినేస్తాయి, ఆ ముక్క కంపెనీవాడు చెప్పాడా? నేను పేపరు మిల్లు టర్బైన్ హాల్లో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ రాత్రీ పగలూ ఏడాదంతా ఆవిరి కావాలి, గుజ్జు ఉడికించగా మిగిలిన బ్లాక్ లిక్కర్‌ని రికవరీ బాయిలర్‌లో కాలుస్తారు, కాబట్టి గిట్టుబాటైంది. నీ మిల్లు మండీ సీజన్ అయిపోయాక ఎన్నాళ్లు తిరుగుతుంది? టర్బైన్ ఆగినా బ్యాంకు వడ్డీ ఆగదు.

పర్లాకిమిడి_శీను
మేం మిగిలిన ఊక ఇటుక బట్టీలకి తోలేస్తాం. హాయి.

గుణుపూర్_మిల్లు
మావయ్య గారూ, నేను కరెంటు అమ్ముకుంటానని అనలేదు, నాకు 100 కిలోవాట్లే మహాభాగ్యం. నా గొడవంతా రిలే గురించే. లైను పోగానే టర్బైన్ గ్రిడ్ నుంచి విడిపోవాలి, లేకపోతే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది, దానికి నేనేం కాదనట్లేదు. కానీ 5 మెగావాట్లవాడికి అడిగిన ప్యానెలే, అన్ని స్టడీ రిపోర్టులే నన్నూ అడిగితే ఎలా? ప్యానెల్ ఖర్చుకే నా కరెంటు మిగులు ఎగిరిపోతోంది. చిన్నవాడికి వేరే నియమం ఉండాలా వద్దా, అది చెప్పండి.

బల్లార్షా_మావయ్య
రిలే, రిలే! ఆవిరి ఎంత కావాలో చూసి టర్బైన్ కొంటారెవరైనా, కరెంటు బిల్లు చూసి కాదు. నువ్వు రెండోది చేస్తున్నావు.

జయపురం_ఎనర్జీ
ఇద్దరూ చెరోవైపు లాగుతున్నారు. ఒక్క మిల్లుకి ఇది దండగే. మీ రోడ్డు మీద వరసగా అయిదు మిల్లులున్నాయి కదన్నా, అందరూ కలిసి 45 కేజీల ప్రెషర్ బాయిలర్ ఒక్కటే సూపర్‌హీటర్‌తో పెట్టండి, కరెంటు తీశాక మిగిలిన ఆవిరి పైపుల్లో పంచుకోండి. 2005 విద్యుత్ రూల్స్ ప్రకారం వాడుకునేవాళ్ల చేతిలో 26 శాతం వాటా ఉండి, ఏడాదిలో తయారైన కరెంటులో 51 శాతం వాళ్లే వాడుకుంటే అది క్యాప్టివ్ ప్లాంటు (సొంత వాడకానికి పెట్టుకున్నది), బయట కరెంటు తీసుకునేవాళ్ల మీద వేసే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి పడదు. ఆవిరి ఎక్కువ దూరం పోదు కాబట్టి పక్కపక్కన ఉన్నవాళ్లకే కుదిరే పని, మీకు ఆ అదృష్టం ఉంది. రిలే ప్యానెల్ కూడా ఒక్కటే, ఖర్చు అయిదుగురి మీద పడుతుంది.

బరంపురం_1
అయిదుగురు మిల్లర్లు ఒకే కంపెనీలో! 😂

గుణుపూర్_మిల్లు
తమ్ముడూ, మేం ముగ్గురం కలిసి ఒక వేబ్రిడ్జి పెట్టాం. ఇప్పుడది తుప్పు పట్టి ఉంది, కేసు నడుస్తోంది. నా మిల్లు ఆవిరి వాల్వు ఇంకొకడి చేతిలో పెట్టేది లేదు.

జయపురం_ఎనర్జీ
అన్నా, కోపం వచ్చినా సరే అడుగుతాను. ఉమ్మడి ప్లాంటంటే ఊక తూకం వెయ్యాలి. క్వింటాల్ ధాన్యానికి ఊక సుమారు 20 కేజీలు. ఊక తూస్తే ఎంత ధాన్యం ఆడిందో ఇట్టే తెలిసిపోతుంది. మీ భయం అదేనా? అలాగైతే కరెంటు కంపెనీని (డిస్కంని) తిట్టడం దేనికి?

గుణుపూర్_మిల్లు
అంటే దొంగ లెక్కలు రాస్తున్నాననా? నోరు అదుపులో పెట్టుకో. నా పుస్తకాలు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నేను దాచేది పక్క మిల్లువాడి నుంచి. నా దగ్గరికి వారానికి ఎంత సరుకు వస్తోందో వాడికి తెలిస్తే, మరుసటి వారం ఆ ఊళ్లకే లారీ పంపి బస్తాకి పది రూపాయలు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతాడు. ఇదివరకు ఎత్తుకుపోయాడు కూడా. వ్యాపారం చెయ్యనివాళ్లకి ఇది అర్థం కాదు.

పర్లాకిమిడి_శీను
ఇది మాత్రం నిజం.

బల్లార్షా_మావయ్య
అలా చెప్పు మరి, ఇంతసేపూ ప్యానెల్ ప్యానెల్ అంటూ ప్రాణం తీశావు. అలాంటప్పుడు ప్లాంటు మీ అయిదుగురిలో ఎవరూ నడపకూడదు. బయటివాడికి అప్పజెప్పండి. వాడు ఊక కొంటాడు, ఆవిరి టన్నుల లెక్కన అమ్ముతాడు, ఎవరి మీటరు బిల్లు వాళ్లకే పంపుతాడు. ఒకరి లెక్క ఇంకొకరికి చెప్తే జరిమానా అని ఒప్పందంలో రాయించుకోండి.

గుణుపూర్_మిల్లు
సీజన్ మధ్యలో వాడు బాయిలర్ ఆపితే? తొట్లో నానిన ధాన్యానికి టైముకి ఆవిరి తగలకపోతే పులిసి కంపు కొడుతుంది, ఆ బియ్యం సర్కారు డిపోలో వెనక్కి కొడతారు. ఆ నష్టం ఎవడు భరిస్తాడు?

జయపురం_ఎనర్జీ
మీ పాత 4 టన్నుల బాయిలర్‌ని అమ్మకుండా స్టాండ్‌బైగా ఉంచుకోండి.

గుణుపూర్_మిల్లు
దానికి ఏటేటా ఇన్‌స్పెక్షన్, సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ జీతం?

జయపురం_ఎనర్జీ
అయిదుగురూ పంచుకోండి.

గుణుపూర్_మిల్లు
ముందు ఆ అయిదుగురినీ నువ్వొచ్చి ఒక గదిలో కూర్చోబెట్టు. వేబ్రిడ్జి కేసులో ఇద్దరు అందులోనే ఉన్నారు.