ప్రొజెక్టర్‌లో బెల్టు కరిగి జిగటైంది: పెట్రోలా, ఐపీఏనా?

తిరుచానూరు రీలు
మా పెదనాన్న స్టూడియో అటక మీద జపాన్ తయారీ సూపర్ 8 ప్రొజెక్టర్ (ఇంట్లో చిన్న ఫిల్ము రీళ్లు వేసుకునేది) దొరికింది. వెనక మూత విప్పితే బెల్టే లేదు. బెల్టు ఉండాల్సిన దారంతా నల్లటి జిగట. మోటారు పుల్లీకి పట్టేసింది, కింద ప్లాస్టిక్ మీదికి కారింది, వేలు పెడితే తీగలాగా సాగుతోంది. లీలామహల్ సర్కిల్ దగ్గర బైక్ మెకానిక్‌కి చూపిస్తే పెట్రోలు పోసి కడిగెయ్ అన్నాడు. పక్కనే మొబైల్ షాపాయన ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాలు) తప్ప వేరేది ముట్టుకోవద్దన్నాడు. తిరుపతి ఎండకు కరిగిందని మాత్రం ఇద్దరూ అన్నారు. ఎవరి మాట వినాలి?

పాత ఆపరేటర్, చిత్తూరు
దీనికింత ఆలోచనేంది నాయనా. టూరింగ్ టాకీసు కాలం నుంచి 35 ఎంఎం మిషన్లు నడిపినోణ్ణి. పెట్రోలు, కిరసనాయిలు, పాత బనీను గుడ్డ. ఈ మూడూ ఉంటే ఎట్లాంటి మడ్డయినా పోతాది. ఐపీఏ సీసాకు డబ్బులు తగలెయ్యబాక.

సోల్డరింగ్ స్వామి
పెద్దాయనా, మీరు నడిపిన మిషన్లు ఇనుప ముద్దలు. ఇంట్లో వాడే ఈ సూపర్ 8లో సగం ప్లాస్టిక్. పెట్రోలు తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి, కొన్ని నెర్రెలిస్తాయి. థిన్నరు, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ అయితే ఇంకా ఘోరం. ఫోన్ బోర్డులు కడగడానికి మేం వాడే 99 శాతం ఐపీఏ చాలు. కరోనా నాటి శానిటైజర్ మిగిలింది కదా అని అది మాత్రం పొయ్యొద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, పుల్లీ మీద మిగిలిందంటే కొత్త బెల్టు జారుతుంది.

కెమిస్ట్రీ టీచరమ్మ
ముందు ఆ ఎండ మాట పక్కన పెడదాం. చలిదేశాల్లో అటకల మీద ఉన్న మిషన్లలోనూ బెల్టులు ఇట్లాగే జిగటవుతున్నాయి. పాలియురెథేన్ (రబ్బరులా సాగే ఒక ప్లాస్టిక్) బెల్టయితే గాలిలోని తేమ దాని అణుగొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ వస్తుంది. వేడి ఆ పనిని తొందర చేస్తుంది, అంతే. ఇది మంచు కరిగినట్టు కరగడం కాదు, పదార్థమే మారిపోయింది. చల్లబరిస్తే మళ్లీ బెల్టవుతుందని ఆశ పడకండి.

ఇక పెట్రోలా ఐపీఏనా అంటే, అక్కడున్నది ఏ జిగటో తెలియకుండా వాదించుకోవడం వృథా. పాలియురెథేన్ జిగట మామూలుగా ఆల్కహాలుకు లొంగుతుంది. సహజ రబ్బరు మీద ఆల్కహాలు పెద్దగా పనిచేయదు, పెట్రోలు జాతి ద్రావకాలకే అది ఉబ్బి వదులుతుంది. దూదిపుల్లకు ఐపీఏ అద్ది లోహం మీద ఒకచోట రుద్ది చూడండి. దూది నల్లబడితే అదే మీ మందు. నల్లబడకపోతే సిగరెట్ లైటర్లో పోసే ద్రవం ఇంకో పుల్లకు అద్ది చూడండి.

పాత ఆపరేటర్, చిత్తూరు
లైటర్లో పోసేదీ పెట్రోలు జాతే గదమ్మా! నేను చెప్పిందీ అదే.

కెమిస్ట్రీ టీచరమ్మ
జాతి ఒకటే సార్, బంకు పెట్రోలులో కలిపేవి వేరే చాలా ఉంటాయి. పైగా మీరు పొయ్యమన్నారు, నేను అద్దమన్నాను. మూత లోపల ఆవిరి నిలిచి ఉండగా ఎవరైనా స్విచ్చి వేస్తే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. ఐపీఏ కూడా అంటుకునేదే. ఏది వాడినా ప్లగ్గు పీకి, కిటికీలు తీసి పని చెయ్యాలి.

18 ఫ్రేములు
ఏ మందు అని అందరూ కొట్టుకుంటున్నారు, ఆ జిగట ఎక్కడుందో ఎవరూ అడగలేదు. తమ్ముడూ, ఒక్క చుక్క కూడా తుడవక ముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకో. బెల్టు ఏ పుల్లీ మీదుగా, ఏ గాడిలో నడిచిందో ఆ మరకే చెబుతుంది. అది తుడిచేశాక అడగడానికి మాన్యువల్ కూడా ఉండదు.

తర్వాత ముద్దలు ముద్దలుగా ఉన్నది చీపురు పుల్లతో ఎత్తెయ్. బ్లేడు, స్క్రూడ్రైవర్ వద్దు, గాడిలో గీత పడితే బెల్టు అక్కడ ఎగురుతుంది. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకో, లేకుంటే నీ వేళ్ల నుంచి లెన్సుకీ సౌండు హెడ్డుకీ హాలోజెన్ బల్బుకీ పాకుతుంది. ఒకసారి వాడిన దూదిపుల్ల మళ్లీ వాడితే తుడిచినట్టు కాదు, పూసినట్టు.

పాత ఆపరేటర్, చిత్తూరు
గాడిలో గట్టిపడిందానికి చీపురు పుల్ల యాడ సరిపోతాది? మోటారు తిప్పతా సన్న గరుకు కాయితం పెట్టు, నిమిషంలో తళతళలాడతాది.

18 ఫ్రేములు
అన్నా, అదొక్కటీ వద్దు. గరుకు కాగితం పెడితే పుల్లీ అరుగుతుంది. మోటారు పుల్లీ చుట్టుకొలత తగ్గిందంటే ఫిల్ము వేగం తగ్గుతుంది, సౌండు రీలయితే గొంతు మారిపోతుంది. మడ్డి మిగిలిపోయినా తప్పే, అప్పుడు గాడి లావై వేగం పెరుగుతుంది. ఐపీఏకి లొంగే జిగటయితే, అందులో ముంచిన దూది గాడిలో పెట్టి కాసేపు నాననిస్తే ఎంత గట్టిదైనా మెత్తబడుతుంది. సోల్డరింగ్ స్వామీ, మీకూ ఒక మాట. ఫోన్ బోర్డు మీద కొట్టినట్టు దీంట్లో స్ప్రే కొట్టొద్దు. బుష్షుల్లోకి (ఇరుసులు తిరిగే కడియాల్లోకి) వెళ్తే ఉన్న నూనె కూడా కడుక్కుపోతుంది. పొరపాటున వెళ్తే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయాలి, బెల్టు దారిలో పడకుండా.

సోల్డరింగ్ స్వామి
స్ప్రే సంగతి సరే. నాననివ్వడం మాత్రం ప్లాస్టిక్ పుల్లీ అయితే ఒప్పుకోను, దానికి తడిపొడి దూదే మేలు. మూతల మీద అచ్చేసిన అంకెలు కూడా ఐపీఏకి చెరిగిపోవచ్చు, జాగ్రత్త.

తిరుచానూరు రీలు
ఐపీఏకి దూది నల్లగా అయింది. పుల్లీ లోహమే. ఫొటోలు తీశాకే మొదలుపెట్టా. మోటారు పుల్లీకి రెండు గాళ్లు ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. జిగటంతా చిన్న గాడిలోనే ఉంది. దీనికేమైనా అర్థముందా?

18 ఫ్రేములు
ఉంది. అసలు విషయమే అది! ఏసీ ఇండక్షన్ మోటారయితే దాని వేగం కరెంటు సైకిల్స్ (హెర్ట్జ్) మీద ఆధారపడుతుంది. 60 సైకిల్స్ దేశాలకు చిన్న గాడి, మన 50కి పెద్ద గాడి. చిన్న గాడిలో వేసి ఇక్కడ నడిపితే సెకనుకు 18 ఫ్రేములు రావాల్సింది 15కి పడిపోతుంది. మీ మిషన్ 60 సైకిల్స్ ఉన్న చోట వాడింది అయ్యుండాలి. కాబట్టి ప్లగ్గు పెట్టే ముందు వోల్టేజి సెలెక్టర్ చూడు. 110 దగ్గర ఉంటే మన 230కి లోపల ఏదో ఒకటి కాలుతుంది. సెలెక్టరే లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

పాత ఆపరేటర్, చిత్తూరు
ఈ గాళ్ల కథ నాకు కొత్తే, మా మిషన్లలో ఈ తిరకాసు లేదు. అయినా ఇనుప మిషన్‌కి పెట్రోలే నా మాట.

కెమిస్ట్రీ టీచరమ్మ
పుల్లీ ఊడదీసి, ఆరుబయట, గుడ్డకు అద్దుకుని అయితే మీతో పేచీ లేదు సార్.

తిరుచానూరు రీలు
సెలెక్టర్ చూశా, 117 దగ్గర ఉంది! ఇంకా ప్లగ్గు పెట్టలేదు. బెల్టు సైజు ఎట్లా తెలుసుకోవాలి? చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌కి పోదామనుకుంటున్నా.

18 ఫ్రేములు
సాగని నూలుదారం పెద్ద గాడి మీదుగా బెల్టు దారంతా చుట్టి కొలువు. వచ్చిన చుట్టుకొలతలో 5 నుంచి 10 శాతం తగ్గించి అడుగు. గుండ్రటి బెల్టా, చదరపు బెల్టా అనేది గాడి ఆకారం చూసి చెప్పాలి, ఫొటో పెట్టు.