అంటార్కిటికా షిప్పు ఎక్కినవాళ్ళున్నారా?

అమలాపురం_అమ్మాయి: నాన్నగారి షష్టిపూర్తికి అమ్మానాన్నల్ని అంటార్కిటికా పంపుదామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చలి ఎంత, బట్టలేం కొనాలి, ఖర్చెంత, వాంతులవుతాయా?

భీమవరం_బుల్లోడు: డిసెంబరు, జనవరి అక్కడ ఎండాకాలమేనండీ. షిప్పులెళ్ళే అంటార్కిటికా ద్వీపకల్పం వైపు సున్నా డిగ్రీలకి అటూ ఇటూ. గాలే చంపేస్తుంది. కోటు మా షిప్పువాళ్ళే ఇచ్చారు, ముందే కొనేయకండి. దిగేముందు జేబులన్నీ వాక్యూమ్ పెట్టి దులుపుతారు, ఒక్క గడ్డిగింజ పోకూడదట. నా జేబులో వేరుశనగ పొట్టు దొరికింది. లైన్లో అందరూ నన్నే చూశారు!

అంతర్వేది_కెరటం: వాంతులేంటండీ? గోదారోళ్ళకి పడవ కొత్తా? నాన్నతో వేటకెళ్ళినవాణ్ణి, ఒక్కసారీ తల తిరగలేదు.

నరసాపురం_నేవీ: ఆయ్, అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర అలలు చూసి, దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్యనున్న డ్రేక్ పాసేజ్ సముద్రం గురించి మాట్లాడకండి. అర్జెంటీనా దక్షిణ కొసనున్న ఉషువాయా రేవు నుంచి దాదాపు రెండు రోజులు. ఆ అక్షాంశాల్లో గాలికి అడ్డుపడే నేలే లేదు, భూమి చుట్టూ నీళ్ళే. ఎనిమిది మీటర్ల అలంటే డాబా మీద ఇంకో డాబా. నా జుట్టు నెరిసింది మర్చంట్ నేవీలోనే.

అంతర్వేది_కెరటం: ఇంజన్ రూములో కూర్చున్నవాళ్ళకి అలలెక్కడ కనిపించాయి సార్?

నరసాపురం_నేవీ: కనపడక్కర్లేదు బాబూ, కాఫీ కప్పు ఎగిరి నెత్తిన పడితే తెలుస్తుంది.

భీమవరం_బుల్లోడు: ఇద్దరూ ఆపండి. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంది, వచ్చేటప్పుడు డైనింగ్ హాలు సగం ఖాళీ. డాక్టర్ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక లాభం లేదు.

రాజోలు_అత్తయ్య: ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? తెల్ల ఎలుగుబంట్లు కనిపిస్తాయా?

కాకినాడ_కుర్రాడు: అవి ఉత్తరాన అత్తయ్యగారూ. ఇక్కడ పెంగ్విన్లు, ఐదు మీటర్ల దూరంలో ఉండాలి. ఒడ్డుకి ఆవకాయ కాదు, బిస్కట్టు కూడా తేనివ్వరు. ఆ పెంగ్విన్ల కంపు సంగతి మాత్రం ఎవరూ చెప్పరేం? రొయ్యల చెరువుల మధ్య పెరిగిన నాకే ముక్కు మూసుకోవాల్సొచ్చింది. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి స్టేషన్ చూపిస్తారని ఆశపడ్డా, అది వేల కిలోమీటర్ల అవతలట.

నరసాపురం_నేవీ: మ్యాపు చూసి టికెట్ కొనాలి మరి.

కాకినాడ_కుర్రాడు: మీరు చూసి కొన్నారా, కంపెనీ పంపిస్తే వెళ్ళారా?

పాలకొల్లు_టీచర్: అసలు విషయం వినమ్మా. 500 మందికి మించి ప్రయాణికులున్న షిప్పు వద్దు, వాటి నుంచి ఒడ్డుకి దింపరు. ఒకచోట ఒకేసారి 100 మందికి మించకూడదు, చిన్న షిప్పైతే అందరికీ వంతు త్వరగా వస్తుంది. రబ్బరు పడవ అంచున కూర్చుని, కాళ్ళు బయటికి తిప్పి నీళ్ళలోకి దిగాలి, షిప్పు సిబ్బంది పక్కన చెయ్యందిస్తారు. అమ్మగారు దిగలేకపోతే పడవలోనే మంచుకొండల మధ్య తిరిగే ట్రిప్పులుంటాయి. అత్యవసరంగా వెనక్కి తీసుకొచ్చే ఇన్సూరెన్సు లేకుండా ఎక్కించుకోరు.

తణుకు_బాబాయ్: ఆ డబ్బుతో జీవితాంతం పులసలు తినొచ్చు.

అంతర్వేది_కెరటం: పులసకి లేవు వాంతులు, సముద్రం నుంచి వరదకి ఎదురీదుకొస్తుంది. నేవీ సారుకి చెప్పండి.

రాజోలు_అత్తయ్య: యానాంలో ఈసారి పులస ఎంత పలికిందండీ?