నా శిలాజ సిస్ట్‌కి ముళ్ళు 14, పుస్తకంలో 18 – ఇది కొత్త జాతి అనుకోవచ్చా?

తార్నాక_స్లైడ్స్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్ట్ కోసం మా సార్ కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఒక పాత బావి కటింగ్స్ (తవ్వేటప్పుడు పైకొచ్చిన రాతి ముక్కలు) ఇచ్చారు. నల్లటి షేల్, సంచి మీద రాఘవాపురం షేల్ అని రాసి ఉంది. హైడ్రోక్లోరిక్, ఆ తర్వాత హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో కరిగించి, 10 మైక్రాన్ల జల్లెడలో కడిగి, గ్లిజరిన్ జెల్లీలో స్లైడ్లు చేశాం. గ్రానైట్ గుట్టల మధ్య పెరిగినదాన్ని, సముద్రపు జీవి శిలాజాన్ని నా కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి, రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక డైనోఫ్లాజెల్లేట్ (నీళ్ళలో ఈదే సూక్ష్మజీవి) సిస్ట్, అంటే దాని గట్టి గూడు, పదే పదే వస్తోంది, ఇప్పటికి 11 దొరికాయి. గుండ్రటి ఒళ్ళు, దాదాపు 45 మైక్రాన్లు, చుట్టూ బోలు గొట్టాల్లాంటి ముళ్ళు, ఒక్కొక్కటీ చివర ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని అంచున పళ్ళు పళ్ళుగా ఉంది. బొమ్మలతో పోలిస్తే ఒలిగోస్ఫేరిడియం కాంప్లెక్స్ అనే జాతికి దగ్గరగా ఉంది కానీ దానికి 18 దాకా ముళ్ళుంటాయని చదివాను, నా వాటికి 13 లేదా 14 మించి రావడం లేదు. పదకొండింటికీ ఇదే లెక్క. కొత్త జాతి అని రాయవచ్చా? సబ్‌మిషన్ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.

షేల్_మనిషి:
అమ్మా, ముళ్ళ లెక్క పక్కన పెట్టి ముందు మూత సంగతి చూడు.

నువ్వు చూస్తున్నది నీళ్ళలో ఈదిన జీవి కాదు, అది విశ్రాంతి తీసుకున్న గూడు. లోపలి జీవి బయటికి రావడానికి గోడలో ఒక తలుపు తెరుచుకుంటుంది, దాన్నే ఆర్కియోపైల్ అంటాం, ఊడిపోయిన ముక్క ఆపర్కులమ్. ఆ తలుపు ఎక్కడ పడితే అక్కడ పడదు, జీవి ఒంటిని కప్పిన పలకల అమరికను బట్టి ఫలానా చోటే పడుతుంది, అందుకే ప్రజాతి తేల్చడానికి అదే మొదటి ఆధారం. అసలు తలుపే కనిపించకపోతే, పలకల జాడ కూడా లేకపోతే, దాన్ని డైనోఫ్లాజెల్లేట్ అనకుండా ఆక్రిటార్క్ (ఏ కోవదో తేలని సూక్ష్మ శిలాజం) అని పక్కన పెడతాం.

ఒలిగోస్ఫేరిడియంలో తలుపు నెత్తి మీద పడుతుంది. నెత్తి మీది నాలుగు పలకలూ కలిసి ఒకే మూతగా లేచిపోతాయి. ఇక లెక్క వేద్దాం. ఈ ప్రజాతిలో పలకకు ఒక ముల్లు, పలక మధ్య నుంచి వస్తుంది. నెత్తి మీద నాలుగు, నడుముకు పైన ఆరు, నడుముకు కింద ఐదో ఆరో, వెనకవైపు చిన్న పలకకు ఒకటి, అడుగున ఒకటి. అన్నీ కలిపితే 17 లేదా 18. మూతతో పాటు నాలుగు ముళ్ళూ పోతే ఎన్ని మిగులుతాయి? నీకు వచ్చిన 13, 14 సరిగ్గా అవే. నువ్వు తప్పు లెక్కపెట్టలేదమ్మా, చాలా బాగా లెక్కపెట్టావు.

అయినా నా మాట మీద ఆగిపోకు, స్లైడ్‌లో చూసి తేల్చుకో. 100ఎక్స్ ఆయిల్ కింద ఫోకస్ పైనుంచి కిందికి మెల్లగా దించు. పైన గుండ్రటి కన్నం ఉండి దాని అంచు జిగ్‌జాగ్‌గా ఉందంటే అది చిరుగు కాదు, నడుముకు పైనున్న ఆరు పలకల అంచుల వెంబడి విడిపోయిన గుర్తు. ఆ తర్వాత నడుము చూడు. వడ్డాణం పెట్టుకునే చోట, అంటే సింగులమ్ మీద, ముళ్ళు లేకుండా ఖాళీగా ఉంటే ఒలిగోస్ఫేరిడియం. అక్కడ కూడా సన్న ముళ్ళ వరస ఉంటే హిస్ట్రికోస్ఫేరిడియం వైపు వెళ్ళాలి. ముళ్ళ మొదళ్ళను కలుపుతూ సన్నటి గట్లు కనిపించి, తలుపు నెత్తి మీద కాక వీపున ఒక్క పలక ఊడినట్టు ఉంటే స్పినిఫెరైటిస్, దాని కథ పూర్తిగా వేరు.

ముళ్ళను చూసి మోసపోవడం నీతో మొదలు కాలేదు. 1830లలో జర్మన్ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్ చెకుముకి రాళ్ళలో వీటిని చూసి మంచినీటి నాచు అనుకున్నాడు. తర్వాత హిస్ట్రికోస్ఫియర్లు అని పేరు పెట్టి ఏ కోవలోనూ చేర్చలేక వదిలేశారు. 1960ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త ఎవిట్ ఈ కన్నాలనూ పలకల అమరికనూ పట్టుకుని, వీటిలో చాలావరకు డైనోఫ్లాజెల్లేట్ సిస్టులే అని తేల్చాడు. నూరేళ్ళకు పైగా అందరి ముందూ ఉన్న కన్నమే అది.

గ్లిజరిన్_జెల్లీ:
షేల్_మనిషి గారు చెప్పిందే సరైనది అనిపిస్తోంది. నేను రెండు మాటలు కలుపుతాను చెల్లీ.

ఒకటి, కొత్త జాతి అనే తొందర వద్దు. కొత్త పేరు నిలబడాలంటే లాటిన్‌లోగానీ ఇంగ్లీషులోగానీ వర్ణన, బొమ్మ, హోలోటైప్ (ఆ పేరుకు ఆధారమైన ఒకే నమూనా), అది ఏ సంస్థలో భద్రంగా ఉందో, ఇవన్నీ ప్రచురణలోనే ఉండాలి. అంతకన్నా ముందు ఒకే నమూనాల గుంపులో ముళ్ళ పొడవు, చివరలు ఎంత మారుతున్నాయో కొలిచి చూడాలి. ఇప్పుడు బతికున్న గోనియాలాక్స్ స్పినిఫెరా అనే ఒక్క జీవి పేరు కిందే రకరకాల ఆకారాల సిస్టులు వచ్చాయి, అందుకే ఈదే జీవికి ఒక పేరు, సిస్ట్‌కి ఇంకో పేరు నడుస్తున్నాయి. కాస్త తేడా కనిపించగానే పేరు పెట్టేస్తే తర్వాత వచ్చేవాళ్ళకు అది ఏళ్ళ తరబడి చిక్కుముడి. అనుమానం ఉంటే జాతి పేరు ముందు సీఎఫ్ (‘దీనితో పోల్చదగినది’) అని రాయి, అది నిజాయితీ అయిన పద్ధతి.

రెండోది వయసు. కాంప్లెక్స్ ఒక్కదాన్ని చూసి వయసు చెప్పకు, అది ఎర్లీ క్రెటేషియస్ నుంచి పేలియోజీన్ దాకా ఉంది. దానితో పాటు ఎవరున్నారో రాయి, ఒడోంటోకైటినా, మ్యుడెరోంజియా లాంటి క్రెటేషియస్ సిస్టులు ఉన్నాయా చూడు. పైగా నీవి కటింగ్స్, కోర్ (బావిలోంచి కడ్డీలా తీసిన రాయి) కాదు. పై పొరల మట్టి రాలి కింద కలిసిపోతుంది, కాబట్టి కింది నుంచి పైకి వెళ్తూ ఎక్కడ ఆఖరుగా కనిపించిందో ఆ లోతునే నమ్ము. అపెక్టోడీనియం లాంటిది ఒక్కటి కనిపించిందంటే సంబరపడకు, అది తర్వాతి పేలియోసీన్, ఈయోసీన్ కాలానిది, పై పొరల నుంచి రాలి పడినదే.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. హైడ్రోఫ్లోరిక్ పని చేసే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కనే ఉందా? లేకపోతే రేపు ఉదయం అది తెచ్చాకే యాసిడ్ సీసా ముట్టుకో. చర్మం మీద పడినప్పుడు నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది.

తార్నాక_స్లైడ్స్:
సార్, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. జెల్ మా ల్యాబ్‌లో గడువు దాటిపోయింది ఉంది, సార్‌తో చెప్పాను, కొత్తది వచ్చేదాకా యాసిడ్ పని ఆపేశాం.

పొద్దున్నుంచీ మళ్ళీ చూశాను. పదకొండింట్లో తొమ్మిదింటికి నెత్తి మీద కన్నం ఉంది, అంచు జిగ్‌జాగే. నేను దాన్ని యాసిడ్‌లో నలిగి చిరిగిందనుకుని ఫోటోల్లో పక్కకు తిప్పి పెట్టాను! నడుము మీద ఒక్క ముల్లు కూడా లేదు, గట్లు లేవు. మిగతా రెండు బాగా మడతపడ్డాయి, వాటిని లెక్కలోంచి తీసేస్తున్నాను. ముళ్ళ చివరలు మాత్రం మూడింటిలో జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉన్నాయి, అవి కూడా కాంప్లెక్సేనా?

షేల్_మనిషి:
చిల్లులతో పళ్ళెంలా విచ్చుకుంటే ఒలిగోస్ఫేరిడియం పల్కెరిమమ్‌తో పోల్చు. ఆ మూడింటినీ కాంప్లెక్స్‌తో కలపకు, వేరుగా కొలిచి, స్లైడ్ నంబరూ ఇంగ్లండ్ ఫైండర్ (స్లైడ్ మీద చోటు గుర్తించే గడుల పలక) గడీ రాసిపెట్టు. ఇంకొకటి, మూతలు ఊడాయంటే ఎక్కడో ఉండాలి కదా. అదే స్లైడ్‌లో నాలుగు ముళ్ళున్న చిన్న ముక్క కోసం వెతుకు.

తార్నాక_స్లైడ్స్:
సార్, దొరికింది. మూడో స్లైడ్, కుడి అంచు దగ్గర. చిన్న పలక, దాని మీద నాలుగు గొట్టాలు, చివరలు అచ్చం అవే.